లేమిలో మిగిలిన మాటలు

గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము



ఈ సభలో నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. విషయము మీ ఇష్టమనిరి. నేను ఊరి లెక్కలు వ్రాయువాడను. పగలు పద్దులతో గడపి, రాత్రి దీపము వెలుతురున భారతమును, అమరమును, నిఘంటువులను త్రిప్పుచు కూర్చుండువాడను. గురువుల యెదుట కూర్చుండి శాస్త్రము చదివినవాడను గాను. ఈ గ్రంథాలయపు బీరువాలే నాకు గురుకులము. కావున మీయెదుట పండిత ప్రసంగమునకు సాహసింపక, నాకు చేతనయిన పనినే చేయుదును. మాటలలో ఒక చిత్రమైన లెక్క కలదు. దానిని మీ ముందు విప్పెదను.

ఖాతాలో జమ యొకవైపు, ఖర్చు ఒకవైపు ఉండును. రెండును ఉన్నప్పుడే అది ఖాతా యగును. మాటలకు కూడ రెండు వైపులుండునని మనము తలంతుము. ధర్మమునకు ఎదురు అధర్మము, న్యాయమునకు ఎదురు అన్యాయము. కాని ఇంగ్లీషు భాషలో కొన్ని మాటలకు 'లేదు' అను వైపు మాత్రమే నిలిచినది. 'ఉన్నది' అను వైపు చెరిగిపోయినది. బాకీ కనబడుచున్నది గాని, అసలు పద్దు కనబడుటలేదు. ఆ అసలు పద్దు ఏమైనదో వెదకుటయే నేటి నా ప్రసంగ విషయము.

మీరందరు వినిన మాటతోనే మొదలుపెట్టెదను. బస్సో లారీయో ప్రమాదమునకు గురియైనప్పుడు, డ్రైవరు 'రెక్‌లెస్'గా నడపినాడని చెప్పుకొందురు. 'లెస్' అనగా లేని అని బడిపిల్లవానికి కూడ తెలియును. మరి 'రెక్' అనగా నేమి? రెక్ అనగా లక్ష్యపెట్టుట, జాగ్రత్తపడుట. షేక్స్పియరు తన హామ్లెట్ నాటకములో ఈ క్రియను వాడినాడు. నేడు ఇంగ్లండులో నూరుమందిని అడిగినను, తాను రెక్ చేయుచున్నానని చెప్పువాడొక్కడును ఉండడు. జాగ్రత్త అను మాట పోయినది. అజాగ్రత్త అను మాట రోడ్డుమీద తిరుగుచున్నది.

'రూత్‌లెస్' అను మాట మరియొకటి. కనికరము లేనివాడని అర్థము. 'రూత్' అనగా కనికరము. పదునాలుగవ శతాబ్దపు కవి చాసరు దానిని వాడినాడు. మిల్టను 1637లో రచించిన లిసిడాస్ అను విలాపకావ్యములోను అది కలదు. బైబిలులోని రూతు అను స్త్రీ పేరుకును దీనికిని సంబంధము లేదు. అది హీబ్రూ భాషనుండి వచ్చిన పేరు. కనికరమను అర్థముగల రూత్ నేడు పాత పుస్తకములలో మాత్రమే వినబడును. కనికరములేమి మాత్రము ప్రతిదినము పత్రికలలో అచ్చగుచున్నది.

'లిస్ట్‌లెస్' అను మాటను చూచినప్పుడు నావంటి లెక్కలవాడు జాబితా లేనివాడని అర్థము చెప్పుకొనవచ్చును. అట్లయినచో జాబితాలు వ్రాయు మేమందరము మహోత్సాహవంతులమే కావలెను! ఇక్కడి లిస్ట్ జాబితా కాదు. ఇచ్ఛ, కోరిక అని దాని అర్థము. ఏ పనియందును ఇచ్ఛ లేక నీరసించినవాడు లిస్ట్‌లెస్. 'ఫెక్‌లెస్' అనగా చేవలేనివాడు. స్కాట్లండువారు ఎఫెక్ట్ అను మాటను తల తెగగొట్టి ఫెక్ అనిరి. ఫలము, ప్రభావము అని దాని భావము. 'హ్యాప్‌లెస్' అనగా దురదృష్టవంతుడు. హ్యాప్ అనగా అదృష్టము. ఈ హ్యాప్ మాత్రము చావలేదు, వేషము మార్చుకొని బ్రతుకుచున్నది. హ్యాపీ అను మాటలో నున్నది అదియే. మొదట హ్యాపీ అనగా సంతోషవంతుడు కాదు, అదృష్టవంతుడు. జరుగుట అను అర్థముగల హ్యాపెన్ లోను, ఏమో కావచ్చునను పర్‌హ్యాప్స్ లోను అదియే దాగియున్నది.

ఇట్లేల జరిగినది? భాషాచరిత్రకారులు ఒక కారణము చెప్పుదురు. 1066లో నార్మండీ ప్రభువు విలియము ఇంగ్లండును జయించెను. తరువాత ఫ్రెంచి మాటలు, లాటిను మాటలు వెల్లువవలె ఆ భాషలో ప్రవేశించినవి. కనికరమునకు పిటీ వచ్చినది, మెర్సీ వచ్చినది. కోరికకు డిజైర్ వచ్చినది. క్రొత్త మాటలు వచ్చి కూర్చుండగా పాత మాటలు లేచి పోవలసివచ్చినవి. అయితే పాత మాటకు 'లెస్' అను తోక తగిలించి చేసిన తిట్టు మాత్రము లేవలేదు. దానంత పదునైన మాట దొరకలేదు కాబోలు.

దీనికి లెక్కలవాడనైన నాకు తోచిన కారణము మరియొకటి కలదు. శిస్తు సకాలమున చెల్లించినవాని పేరు ఊరిలో ఎవరును ఎత్తరు. రశీదు చింపి యిచ్చితిమి, పద్దు మూసితిమి, అంతటితో సరి. చెల్లించనివాని పేరు మాత్రము ప్రతినెల జాబితా కెక్కును, రచ్చబండమీద వినబడును. సక్రమముగా జరుగు పని నోటికి పని కల్పింపదు. లోపము నోటికి పని కల్పించును. మాటకు ప్రాణము నోటిలోనే యున్నది గదా! పదేపదే పలికినది బ్రతికినది, పలుకనిది పోయినది.

నా మాటకు మన యింటిలోనే ఒక సాక్ష్యము కలదు. నిర్దయ అను మాట మనకును ఉన్నది. కాని దానివలన దయ చావలేదు. ఏల చావలేదు? గుమ్మములోనికి అతిథి వచ్చినప్పుడు మన పెద్దలు 'రండి' అనరు, 'దయచేయండి' అందురు. జాబు వ్రాయునప్పుడు 'దయయుంచి' అని వ్రాయుదురు. దినమునకు పది పర్యాయములు గడపలోనే ఆ మాటను పలుకుచుండగా అదెట్లు చచ్చును? ఇంగ్లీషువారు రూత్ అను మాటను గడపలో వాడుకొని యుండినచో అదియు బ్రతికియుండెడిదేమో.

ఇక వేషభూషలకు సంబంధించిన మాట యొకటి. తల మాసి, జుట్టు రేగియున్నవానిని 'అన్‌కెంప్ట్' అందురు. కెంబ్ అను పాత క్రియకు దువ్వుట అని అర్థము. కెంప్ట్ అనగా దువ్వబడినది. నేడు దువ్వెనను, దువ్వుటను కోంబ్ అందురు గాని కెంబ్ అనరు. ఈ కోంబ్ అను మాటకు మూలార్థము పన్ను. సంస్కృతములో దంతమునకు పేరైన జంభ శబ్దము దీనికి చుట్టము. మనమును 'దువ్వెన పళ్ళు' అందుము గదా! సముద్రముల ఆవలివానికిని మనకును దువ్వెనను చూడగానే పళ్ళే తోచినవి.

'నాన్‌షలాంట్' అని మరియొక మాట. ఫ్రెంచినుండి వచ్చినది. ఇల్లు కాలుచున్నను తొణకనివానిని ఇట్లందురు. దాని మూలమున వేడెక్కుట అను అర్థముగల లాటిను క్రియ యున్నది. ఎంత చెప్పినను వేడెక్కనివాడన్నమాట. 'చీమ కుట్టినట్లయిన లేదు' అని మనమందుము. వేడెక్కువానికి 'షలాంట్' అను పేరు ఇంగ్లీషులో లేదు.

ఇప్పుడు నేను ముఖ్యముగా చెప్పదలచిన మాటకు వచ్చుచున్నాను. అది 'అన్‌కూత్' అను మాట. మోటువాడు, మర్యాద తెలియనివాడు అని నేటి అర్థము. వేయేండ్లనాటి ఇంగ్లీషులో దీనికి ఆ అర్థము లేదు. కూత్ అనగా తెలిసినది. అన్‌కూత్ అనగా తెలియనిది. అంతమాత్రమే. పిమ్మట తెలియనిది వింతయైనది. వింతయైనది వికారమైనది. వికారమైనది మోటయైనది. మనిషి మారలేదు. అతనిని మనము ఎరుగము. అదియే అతని నేరమైనది.

1786లో సర్ విలియం జోన్సు కలకత్తాలోని ఆసియా సంఘములో ప్రసంగించుచు, సంస్కృతము, గ్రీకు, లాటిను ఒక్క మూలమునుండి పుట్టియుండవలెనని చెప్పెను. ఇంగ్లీషు కూడ ఆ కుటుంబములోనిదే. సంస్కృతములోని అ, అన్ అను నిషేధములు, గ్రీకులోని అ, అన్ లు, లాటినులోని ఇన్, ఇంగ్లీషులోని అన్ ఒక తల్లి బిడ్డలే. కూత్ అను మాటలోని ధాతువును మన జ్ఞా ధాతువును అట్లే తోబుట్టువులు. కావున అన్‌కూత్ అను ఇంగ్లీషు మాటకు సరిగా సరిపడు సంస్కృతపు మాట ఏది? అజ్ఞాత! చూడుడు, మన తెలుగులోను జ్ఞాతము అని ఎవరును అనరు. అజ్ఞాతము మాత్రము నిలిచినది. దానిని నిలిపినది పాండవుల అజ్ఞాతవాసము.

తిక్కన సోమయాజి తన భారతరచనను విరాటపర్వముతోనే ప్రారంభించెను. వానలు కురియని యేట ఊళ్ళలో విరాటపర్వము చదివించుట మన ఆచారము. అందులోని కథ మీకు నేను చెప్పవలసినది కాదు. ఉత్తరగోగ్రహణ వేళ తన కుమారుడే కౌరవులను గెలిచెనని విరాటరాజు పొంగిపోవుచుండెను. ఆ గెలుపు బృహన్నల వలననే అయియుండునని కంకుభట్టు అనెను. రాజునకు కోపము వచ్చి పాచికతో ఆయన ముఖము మీద కొట్టెను. నెత్తురు కారెను. ఆ నెత్తురు నేలమీద పడకుండ సైరంధ్రి పట్టెను. కొట్టబడినవాడు ధర్మరాజు, పట్టినది ద్రౌపది. ఆ రాజునకు తెలిసినదేమి? తన కొలువులో జూదమాడు ఒక బ్రాహ్మణుడు, తన అంతఃపురములోని ఒక పనిమనిషి. మరికొంత కాలమునకు వారెవరో తెలిసినప్పుడు, ఆ రాజే చేతులు జోడించి, తన కుమార్తె ఉత్తరను ఇచ్చెదననెను. ఆ మధ్యకాలమున ధర్మరాజు మారెనా? లేదు. విరాటునికి తెలిసినది, అంతే. అన్‌కూత్ అను మాట చరిత్రయంతయు ఈ ఒక్క కథలో నున్నది.

కూత్ కూడ పూర్తిగా చావలేదు. స్కాట్లండులో స్నేహముగా కలుపుగోలుగా నుండువానిని 'కూథీ' అందురు. బంధుమిత్రులను ఇంగ్లీషువారు 'కిత్ అండ్ కిన్' అందురు. కిన్ అనగా రక్తసంబంధులు. కిత్ అనగా ఎరిగినవారు. కూత్, కిత్ ఒకే ఇంటి మాటలు. ఎరిగినవాడు చుట్టముతో సమానమైనాడు. ఎరుగనివాడు మోటువాడైనాడు.

మన పల్లెవాసులకు ఈ మాట మరీ దగ్గరది. నగరములో నుండువాడు నాగరికుడు, కానివాడు అనాగరికుడు. గ్రామమునకు సంబంధించినది గ్రామ్యము. అలంకారశాస్త్రములో గ్రామ్యత ఒక దోషము. ఇది మనదేశపు లక్షణమే యని అనుకొనవలదు. ఇంగ్లీషులో దుర్మార్గునికి 'విలన్' అని పేరు. సినిమా చూచువారందరికి తెలిసిన మాట. అది విల్లా అను లాటిను మాటనుండి వచ్చినది. విల్లా అనగా పల్లెటూరి కమతము. విలన్ అనగా మొదట ఆ కమతములో నేల దున్నువాడు. ఏ తప్పును చేయక, నాగలి పట్టినందుకే అతడు సినిమాలో ప్రతినాయకుడైనాడు! మాటలను చేయు అధికారము ఎవరి చేతిలో నున్నదో, వారికి తెలియనివారందరు ఆ మాటలలో హీనులగుదురు. కలము ఒక్కరి చేతిలోనే ఉండరాదని పెద్దలు గ్రంథాలయములు పెట్టించినది ఇందుకే.

పోయిన మాటను తిరిగి తెచ్చుకొనుటకు ఇంగ్లీషువారు వేడుకగా ప్రయత్నించినారు. అసంతృప్తితో సణుగువానిని 'డిస్‌గ్రంటిల్డ్' అందురు. వోడ్‌హౌస్ అను హాస్యరచయిత 1938లో వెలువడిన ఒక నవలలో డిస్ తీసివేసి, గ్రంటిల్డ్ అనగా సంతృప్తుడు అన్నట్లు వాడి నవ్వించెను. నిజమునకు గ్రంటిల్ అనగా కూడ సణుగుటయే. పంది గుర్రుమను ధ్వనినుండి పుట్టిన మాట. అక్కడి డిస్ నిషేధము కాదు, మిక్కిలి అను అర్థము నిచ్చునది. లేని నిషేధమును ఊహించి, దానిని తీసివేసి, లేని మాటను పుట్టించుట!

ఇది ఇంగ్లీషువారి చమత్కారము మాత్రమే యని తలపకుడు. మనవారు వారికన్న ఎన్నో శతాబ్దములు ముందే ఈ పని చేసిరి. ఋగ్వేదములో అసుర శబ్దము వరుణాది దేవతలకు గౌరవవాచకము. బలవంతుడు, ప్రభువు అని అర్థము. ఇరానీయుల అహుర మజ్దా అను దేవుని పేరులోని అహుర శబ్దమును అదియే. కాలక్రమమున అసురులు దేవతలకు శత్రువులైరి. అప్పుడు మొదటి అకారమును నిషేధముగా తలచి, దానిని తొలగించి, దేవతలకు సురులను పేరు పెట్టిరి. సురను స్వీకరించినవారు సురులు, స్వీకరింపనివారు అసురులు అని రామాయణ బాలకాండములో చెప్పిన వ్యుత్పత్తి అటుపిమ్మట కల్పించుకొన్నదే. నల్లనిది అను అర్థముగల అసిత శబ్దమునుండి తెల్లనిది అను అర్థముగల సిత శబ్దము ఇట్లే పుట్టెనని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు.

మూడవ మాట విధవ. ధవుడు లేనిది విధవ యని మనము చదువుకొంటిమి. మాధవుడనగా లక్ష్మికి ధవుడు అని పురాణములో వినియుంటిమి. కాని లాటినులోని విదువా, ఇంగ్లీషులోని విడో, మన విధవ ఒకటే మాటయనియు, ఒంటరియైనదని దాని మూలార్థమనియు, అందులోని 'వి' నిషేధము కాదనియు, ధవ శబ్దమే దానినుండి విరిచి తీసినదనియు పలువురు పండితుల అభిప్రాయము. మాటయొక్క జన్మము ఏదైనను, మన ఊళ్ళలో దానికి పట్టిన గతి చూడుడు. విధవ వెధవయై తిట్టయినది. ఒక తల్లికి కలిగిన కష్టము, ఆమెను ఎరుగని పసివానిని కసరుటకు పనిముట్టయినది. దినమునకు ఎన్ని పర్యాయములు మనము ఆ మాటను పలుకుచున్నామో, పలికినప్పుడు ఆ తల్లి ఎవరికైన గుర్తు వచ్చుచున్నదో, మీరే ఆలోచింపుడు.

ఇక తెలుగునకు వచ్చెదను. తెలుగు సంస్కృతకుటుంబములోనిది కాదని, దక్షిణభాషలది వేరొక కుటుంబమని 1816లోనే ఎల్లిసు దొర, క్యాంబెలు తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో నిరూపించెను. అందువలన మన నిషేధపు తీరే వేరు. మాటకు ముందు నిషేధమును అతికింపక, క్రియ కడుపులోనే దానిని దాచుకొందుము. చేయును అనుటకు ఎదురు చేయడు. 'లేదు' అను మాట విడిగా అక్కరలేదు. అయినను ఒంటివైపు మాటలు మనకును ఉన్నవి. 'కూడదు' అని దినమెల్ల పిల్లలతో అందుము. 'కూడును' అని ఎవరందుము? 'ఒల్లను' అను మాట నిలిచినది. 'ఒల్లుదును' అను మాట వినబడదు.

నా వృత్తిలోని మాటలు చాలవరకు పారసీకమునుండి, హిందుస్తానీనుండి వచ్చినవి. 'పరవాలేదు' అను మాట లేక తెలుగువానికి ప్రొద్దుపోదు. పరవా అనగా చింత, లక్ష్యము. తెలుగులో ఆ పరవా ఎప్పుడైన ఒంటరిగా కనబడినదా? 'నాకు చాల పరవా ఉన్నది' అని ఎవరైన అన్నారా? లేదు. రెక్‌లెస్ అను మాటకు ఇది కవల. కాని భేదము చూడుడు. ఇంగ్లీషువాడు లక్ష్యములేమిని తిట్టుగా వాడెను. మనము దానినే ఓదార్పుగా వాడుచున్నాము. కాలు తొక్కినవానికి చెప్పు మాట, అప్పు తీర్చలేక తలవంచినవానికి చెప్పు మాట, పరీక్ష తప్పి వచ్చిన బిడ్డకు తల్లి చెప్పు మాట పరవాలేదు. ఒక లేమిని ఇంత చల్లగా మార్చుకొన్న జాతిని చూచి నాకు గర్వము కలుగుచున్నది.

సంస్కృతమునుండి మనము తెచ్చుకొన్న మాటలలోను ఇట్టివి పెక్కులు. అనర్గళముగా మాటలాడినాడందుము. అర్గళమనగా తలుపు గడియ. గడియ తీసిన తలుపువంటి వాక్కు అనర్గళము. అర్గళాస్తోత్రము పారాయణ చేయువారికి తప్ప ఆ అర్గళము ఎవరికి తెలియును? అమోఘమందుము, మోఘమనగా వ్యర్థమని గీత చదివినవారికే తెలియును. అకస్మాత్తు అందుము, కస్మాత్ అనగా ఎందువలన. ఎందువలననో తెలియక వచ్చినది అకస్మాత్తు.

ఇవి విన్న మీకు ఒక సందేహము కలుగవచ్చును. నిషేధమెల్ల నిందయేనా? కాదు. ఇంగ్లీషులో నిర్దోషిని 'ఇన్నోసెంట్' అందురు. హాని చేయనివాడని దాని అర్థము. నిర్మలమైనదానిని 'ఇమ్మాక్యులేట్' అందురు, మచ్చలేనిదని అర్థము. మన అహింస, నిష్కపటము, అనసూయ అట్టివే. మంచికి మరియొక పేరు దొరకక, చెడును తీసివేసి చూపినారు. అదృష్టమను మాటయే నిషేధము. కంటికి కనబడని కర్మఫలము గనుక అది అదృష్టము.

వ్యాసభారతములో యక్షుడు ధర్మరాజును ఎవడు సుఖియని అడిగెను. తన యింట కూర వండుకొని తినువాడు, అనృణి, అప్రవాసి సుఖియని ధర్మరాజు చెప్పెను. ఋణము లేనివాడు అనృణి. ఇల్లు విడిచి పరాయిచోట ఉండనివాడు అప్రవాసి. సుఖమునకు రెండు 'లేదు'లు చాలినవి! ఇన్నియేండ్లు లెక్కలు వ్రాసిన నేను ఈ రెండు మాటలను చదివినప్పుడెల్ల పుస్తకము మూసి కొంతసేపు ఊరకుందును. మా దస్త్రములలో 'బేబాకీ' అని ఒక మాట కలదు. బే అనగా లేని. బాకీ లేదని అర్థము. రైతు అప్పంతయు తీర్చినప్పుడు ఆ మాట వ్రాయుదుము. ఆ మాటను చదివి వినిపించినప్పుడు ఆ రైతు ముఖము చూడవలెను. అంతకన్న శుభమైన మాట నా పద్దులలో మరియొకటి లేదు.

కావున తప్పు నిషేధములో లేదు. కష్టమును తీసివేయు 'లేదు' ఒకటి. మనిషిని తీసివేయు 'లేదు' మరియొకటి. అప్పులేదు, మచ్చలేదు, పరవాలేదు అనునవి మొదటి జాతివి. చదువురానివాడు, పనికిమాలినవాడు, గతిలేనిది అనునవి రెండవ జాతివి. నా బల్లయొద్దకు వచ్చి వేలిముద్ర వేసినవానిని చదువురానివాడని వ్రాయుట సులభము. ఆ వేలు గింజను నలిపి చూచి మొలచునో మొలవదో చెప్పగలదు. ఆ కన్ను మబ్బును చూచి వాన ఎటు తిరుగునో చెప్పగలదు. నా కాగితములో దానికి గడి లేదు. గడి లేనందున అతనికి తెలిసినదంతయు తెలియనిదైనది. రానిది మాత్రము అచ్చుపడినది.

మన గ్రంథాలయపు పద్దులును ఇట్లే యున్నవని సవినయముగా మనవి చేయుచున్నాను. వాని జమాఖర్చు చూచువారిలో నేనును ఒకడను గనుక చెప్పుచున్నాను. ప్రతి యేటి నివేదికలో ఏమి చదువుచున్నాము? తిరిగి రాని పుస్తకములు ఇన్ని, చెల్లని చందాలు ఇన్ని, సమావేశమునకు రాని సభ్యులు ఇందరు. ఇవన్నియు వ్రాయవలసినవే, వ్రాయనిచో పుస్తకములు మిగులవు. కాని తిరిగి వచ్చిన పుస్తకములు ఎన్ని? వానిని తీసికొనిపోయి మొదటినుండి చివరివరకు చదివినవారెవరు? ఇక్కడి పత్రికలను కూడబలుకుకొని చదివి, నిశాని మాని సంతకము నేర్చిన తల్లులెవరు? ఈ ఇరువదియైదేండ్ల నివేదికలలో వారి పేరు ఒక్కటియు లేదు. రూత్ పోయిన దారిలోనే, రెక్ పోయిన దారిలోనే ఈ మంచియంతయు పలుకక పోవుచున్నది.

అందువలన కార్యవర్గమువారికి నా విన్నపము ఒక్కటే. ఈ రజతోత్సవ సంవత్సరమునుండి మన పద్దు పుస్తకములో మరియొక పుటను తెరువుడు. ఆ యేడు పుస్తకమును చివరివరకు చదివినవారి పేరు, ఆ పుస్తకము పేరు, క్రొత్తగా సంతకము చేసినవారి పేరు అందులో వ్రాయుదము. వార్షిక సమావేశమున బాకీల జాబితాకంటె ముందు దానిని బిగ్గరగా చదువుదము. వ్రాతపని నాకు అలవాటే గనుక, జీతము లేకుండ నేనే వ్రాసిపెట్టుదును. ఆ పుట పైన ఏ శీర్షిక పెట్టవలెనని నన్నడిగినచో, పాత ఇంగ్లీషువారు పోగొట్టుకొన్న ఆ మాటనే తెలుగులో పెట్టుదును: ఎరిగినవారు.